ఆదివారం పూట దొరతనం

మన దేశంలో పేదరికం పోవాలంటే పంచవర్ష ప్రణాళికలు అక్కరలేదు. మూడు పాచికలు చాలు!

నవ్వకండి. నేను బి.ఏ.లో ఆర్థికశాస్త్రం చదివినదాన్ని. పెళ్ళయ్యాక ఆ చదువును దేనికీ వాడలేదు కాబట్టి, పెట్టెలో పెట్టిన పట్టుచీరలాగా మడత నలగకుండా అట్లాగే ఉంది. దాని మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ధరల బాధకూ, తరగతుల భేదానికీ ఇన్నాళ్ళకు మందు దొరికింది. అది ఢిల్లీలో దొరకలేదు, హైదరాబాదులో దొరకలేదు. తిరుపతిలో మా క్వార్టర్స్‌లో, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, జంపఖానా మీద దొరికింది.

అది ఒక ఆట.

ఆ ఆట తెచ్చినాయన కుప్పుస్వామి గారు. ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. బ్రహ్మచారి. మా పక్క క్వార్టర్లో మేడ మీది గదిలో ఉంటాడు. ప్రభుత్వ క్వార్టర్లు అద్దెకు ఇవ్వకూడదని రూలు. కాబట్టి ఆయన అక్కడ అద్దెకు లేడు, దూరపు బంధువుగా ఉన్నాడు. ప్రతి నెలా ఒకటో తేదీన ఆ బంధుత్వం రెన్యూ అవుతూ ఉంటుంది.

మద్రాసులో ఒక పాత పుస్తకాల అంగట్లో ఆయనకు ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అట్ట మీద రెక్కలున్న పెద్ద పాము నోట్లోంచి నిప్పులు కక్కుతూ ఉంటుంది. దాన్ని డ్రాగన్ అంటారట. ఆ బొమ్మ చూసి అది క్షుద్రవిద్యల పుస్తకమేమో అనుకున్నాం. "వయసుకు పెండ్లి కాకపోతే ఇట్లాంటివే చదువుతారు" అన్నారు మా వారు. తీరా చూస్తే అది ఆట నేర్పే పుస్తకం.

ఈ ఆటకు గళ్ళ పలక లేదు, పావులు లేవు, పేకముక్కలు లేవు. ఒకరు కథ చెబుతూ ఉంటారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోయి మాట్లాడుతూ ఉంటారు. ఎవరికి ఎంత బలం, ఎంత తెలివి, ఎంత ధైర్యం, ఎంత ఆస్తి అన్నది పాచికలు వేసి తేల్చి, కాగితం మీద రాసుకుంటారు. ఇక ఆ కాగితమే మీరు! మీ జాతకమూ, మీ సర్వీసు రిజిస్టరూ, మీ రేషన్ కార్డూ అన్నీ అదే.

అయితే నన్ను ముగ్ధురాలిని చేసింది డ్రాగన్ కాదు. బ్రతుకు ఖర్చు.

కథలో నెల మారినప్పుడల్లా ప్రతి మనిషీ తాను ఏ మోస్తరుగా బ్రతుకుతున్నాడో నలుగురి ముందూ చెప్పి, దానికి తగ్గ నాణేలు చెల్లించాలి. అందుకు పుస్తకంలో మెట్లున్నాయి. కుప్పుస్వామి గారు వాటికి చక్కటి తెలుగు చేశారు. దిక్కులేని బ్రతుకు, పేద బ్రతుకు, గుట్టు బ్రతుకు, కలిగిన బ్రతుకు, గొప్ప బ్రతుకు, దొర బ్రతుకు. ఒక్కొక్క మెట్టు మీద ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, ఎవరు దండం పెడతారు, కోట కాపలావాడు ఏ వాకిట్లోంచి రానిస్తాడు - అంతా రాసిపెట్టి ఉంది.

ఎంత నిజాయితీ గల లోకం! మన లోకంలో ఇట్లా ఉందా? మన లోకంలో ఎవరు పేదలో ఎవరు కలవారో కనుక్కోవడానికి, పేదలకు చౌక బియ్యం ఇప్పించే పచ్చకార్డు తప్ప ఆధారమేముంది? ఆ లెక్కన మా వీధిలో అందరికంటే నిరుపేదలు స్కూటరున్నవాళ్ళే!

మా ఆటగాళ్ళ గురించి చెప్పాలి. ముఖ్యులు ఆదిమూలం గారు. మా వారి ఆఫీసుకు పెద్ద. ఇంజినీరు, గెజిటెడ్. శాఖ పేరు నేను చెప్పను. మా వారి ప్రమోషన్ ఇంకా రావలసి ఉంది. ఆట ఆయన ఇంటి వరండాలోనే జరుగుతుంది. ఆయన భార్య పంకజాక్షి గారు. తర్వాత సెక్షన్ గుమాస్తా దొరస్వామి, ఉద్యోగుల సంఘంలో కార్యదర్శి. ఆపైన సూపరింటెండెంటుగా ఉన్న మా వారు. ఆయన వెనక నేను.

మొదటి ఆదివారమే పాచికలు మర్యాద తప్పాయి.

ఆదిమూలం గారికి సేనాపతి పదవి పడింది. బాగుంది. మా వారికి ధైర్యం పద్దెనిమిది పడింది. ఆ ఆటలో పద్దెనిమిదికి మించి ధైర్యం లేదట. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు నాకు చూపించారు. నాకు వంటమనిషి పాత్ర పడింది. నేనేమీ బాధపడలేదు. పుస్తకంలో వంటమనిషికి రోజుకూలి ఉంది! ఇన్నేళ్ళలో ఈ పనికి కూలి ఉంటుందని చెప్పిన మొదటి పుస్తకం అదే. నేను చదివిన ఆర్థికశాస్త్రంలో కూడా ఆ ముక్క లేదు.

పంకజాక్షి గారికి మాత్రం చింపిగుడ్డలు ఏరుకునే మనిషి పాత్ర పడింది. దిక్కులేని బ్రతుకు!

ఆమె పాచికల వైపు ఒకసారి, కుప్పుస్వామి గారి వైపు ఒకసారి చూసింది.

"ఇంకోసారి ఏస్తాను" అంది.

"రూలు ప్రకారం ఒకసారేనమ్మా" అన్నాడాయన.

"ఏం రూలప్పా అది? గుమాస్తా దొరస్వామి వ్యాపారస్తుడంట, నేను గుడ్డలేరుకునేదాన్నంట! ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

"ఆట గదమ్మా..."

"ఆట కాబట్టే చెప్తా ఉండాను. ఆటలో కూడా మర్యాద లేకపోతే ఇంక యాడుంటాది?"

ఆ మాటలోని సత్యం అందరికీ వెంటనే అర్థమైంది. మా వారికి అందరికంటే ముందు అర్థమైంది. ఆయన లేచి ఒక సవరణ ప్రతిపాదించారు. గెజిటెడ్ వారికీ వారి కుటుంబ సభ్యులకూ పాచికల మీద అయిదు అదనం. సూపరింటెండెంట్లకు రెండు. గుమాస్తాలకు ఉన్నది ఉన్నట్టు. సవరణ ఏకగ్రీవంగా పాసయింది. పంకజాక్షి గారు కొత్త లెక్క ప్రకారం రాణిగారి చెల్లెలై కూర్చున్నారు.

కల్పనా లోకమంటే కుప్పుస్వామి గారికి తెలిసింది అంతంతమాత్రం. పాములు ఎగరవచ్చు, చెట్లు మాట్లాడవచ్చు. అంతేగాని సీనియారిటీ లిస్టు తారుమారైతే ఎవరు నమ్ముతారు? కథ అన్నాక కొంచెమైనా నమ్మేటట్టు ఉండవద్దా?

కథలో నెల మారింది. బ్రతుకు ఖర్చు చెల్లించే వేళ వచ్చింది. అప్పుడు పంకజాక్షి గారు ఇంకో గొప్ప ప్రశ్న వేశారు.

"ఇంట్లో ఒగ మెట్టు, బయట ఒగ మెట్టు కుదరదా?"

కుప్పుస్వామి గారు పుస్తకం తిరగేశాడు. అట్లాంటిది లేదన్నాడు.

"లేకపోతే ఎట్లప్పా? బయటికి పోయేటప్పుడు గొప్ప బ్రతుకు. ఇంటికొచ్చి తలుపేసుకుంటే పేద బ్రతుకు. లోపల ఏం తింటామో ఎవరు చూడొచ్చినారు?"

పాపం, ఆ పుస్తకం రాసిన తెల్లవాళ్ళకు ఈ ఉపాయం తట్టలేదు చూడండి! మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఇంట్లో సంగటి, పెళ్ళిలో సన్నబియ్యం గురించి వ్యాఖ్యానం. ఇంట్లో ఆముదం దీపం, వీధి వాకిట్లో ట్యూబులైటు. అతిథి వస్తే కాఫీ, అతిథి వెళ్ళాక ఆ పొడిలోనే మళ్ళీ నీళ్ళు. దీన్ని కూడా రూలుగా రాసుకున్నాం. మరుసటి ఆదివారానికల్లా ఆ రాజ్యంలో బయట పేదవాడంటూ ఒక్కడు మిగలలేదు. లోపల కలవాడూ లేడు. నేను మొదట్లోనే చెప్పలేదూ, పేదరికానికి మూడు పాచికలు చాలునని!

పంకజాక్షి గారికి పేద బ్రతుకంటే చిన్నతనమని మీరు అనుకోకూడదు. వాళ్ళ అత్తగారి పేర పచ్చకార్డు ఉంది. ఆమె సిగ్గుపడేది కాగితం మీద పేదరికానికే. కార్డు మీద పేదరికానికి కాదు.

ఈ ఆటకు టీ అందించేది గురప్ప. ఆఫీసులో అటెండరు. ఆదివారం అతనికి సెలవే. కాని ఆదివారం కూడా వచ్చి ఆదిమూలం గారి వంటింట్లో టీ కాచి, గ్లాసులు అందించి, కడిగి వెళతాడు. ఎందుకని మీరు అడగరు, మీరూ ఈ దేశంలోనే ఉన్నారు కాబట్టి. అయినా చెబుతాను.

పులికాట్ సరస్సు ఒడ్డున మా శాఖ కొత్తగా ఒక చిన్న ఆఫీసు తెరిచింది. ఇక్కడి అటెండర్లలో ఒకరు అక్కడికి పోవాలి. గురప్ప భార్య మునెమ్మ క్వార్టర్స్ గేటు దగ్గర ఇడ్లీలు పోసి అమ్ముతుంది. ఆ ఇంట్లో జీతం సగం, ఇడ్లీ సగం. గురప్ప సరస్సు ఒడ్డుకు పోతే ఆ సంసారం రెండు పొయ్యిలవుతుంది. మునెమ్మ కూడా వెంట పోతే ఇడ్లీ పోతుంది. చేపలు పట్టుకునే ఊళ్ళో ఇడ్లీ ఎవరు కొంటారు?

అందుకని గురప్ప పెద్దాయన్ను అడిగాడు. "నన్ను మాత్రం ఈడనే ఉండనీయండి సార్" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆదిమూలం గారు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం చుట్టూ గురప్ప ప్రతి ఆదివారం టీ గ్లాసులు పట్టుకుని ప్రదక్షిణం చేస్తున్నాడు.

ఆట సంగతికి వద్దాం.

ఒక ఆదివారం కుప్పుస్వామి గారు కథలో డ్రాగన్‌ను దించాడు. అది గాదెలు తగలబెట్టింది. పంటలు మాడిపోయాయి. "ఈ నెల నుంచి అన్ని మెట్ల బ్రతుకు ఖర్చూ రెట్టింపు!" అని ప్రకటించి, అందరూ కత్తులు దూస్తారని ఆశగా చూశాడు.

ఎవరూ కదలలేదు. దొరస్వామి మాత్రం జంపఖానా మీద ముందుకు జరిగాడు.

"రేట్లు పెంచినారు. బాగుండాది. మరి డి.ఏ. ఏదప్పా?"

"డి.ఏ.నా?"

"కరువు భత్యం సామీ! ఖర్చు రెట్టింపైతే రాజు మాకు డి.ఏ. ఇయ్యాల్నా వద్దా?"

"దొరస్వామి చెప్పింది న్యాయమే" అన్నారు మా వారు. సేనాపతి కూడా తల పంకించారు. డి.ఏ. విషయంలో గెజిటెడ్, నాన్ గెజిటెడ్ భేదం లేదు. మన దేశ సమైక్యతకు అదొక్కటే ఆధారం.

అక్కడికక్కడే రాజుగారికి మెమొరాండం తయారైంది. డ్రాగన్ గుహ దాకా పోయి రావడానికి టి.ఏ. కూడా చేర్చారు. సేనాపతికి గుర్రం, సూపరింటెండెంటుకు ఎద్దులబండి, గుమాస్తాకు నడక చార్జీలు.

"డ్రాగన్ వచ్చేస్తా ఉండాది సార్! ఊరి మీదికొచ్చేసింది!" అని కుప్పుస్వామి గారు మొత్తుకున్నాడు.

"రానీప్పా" అన్నాడు దొరస్వామి. "ఆర్డరు చేతికి రాకుండా యాడికని కదిలేది?"

ఊరు కాలిపోయింది. డి.ఏ. బకాయిలతో సహా మంజూరైంది.

ఇంత విజయం సాధించిన ఆటగాళ్ళు ఆ పుస్తకం పుట్టిన దేశంలో కూడా ఉండరని నా నమ్మకం.

ఇక అసలు ఆదివారం. దొరస్వామి పాకాలలో పెళ్ళికి పోయి, రైలు అందక అక్కడే ఆగిపోయాడు. మనిషి తక్కువైంది. ఆట ఎట్లా? ఆదిమూలం గారు ఆ రోజు మంచి హుషారుగా ఉన్నారు. గురప్ప టీ పెట్టి వెనక్కి తిరుగుతుంటే పిలిచారు.

"ఏమయ్యా గురప్పా, రా, కూర్చో. నువ్వూ ఒక చెయ్యి వెయ్యి."

"నాకేం తెలుస్తాది సార్..."

"తెలిసేదేముంది? ఆటలో చిన్నా పెద్దా లేదయ్యా. అందరూ సమానమే. కూర్చోమంటే కూర్చో!"

గురప్ప జంపఖానా మీద కూర్చోలేదు. జంపఖానా ఎక్కడ అయిపోతుందో అక్కడ, గచ్చు మీద కూర్చున్నాడు. పాచికలు రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని వేశాడు.

అన్నీ ఆరులే పడ్డాయి!

కోటకు దొర. దొర బ్రతుకు. అటెండర్లకు ఎన్ని మార్కులు తగ్గించాలో మేము రూలు రాసుకోలేదు. అటెండరు ఆడతాడని ఎవరనుకున్నారు? మా వారు సవరణ కోసం లేవబోయారు. ఆదిమూలం గారే నవ్వి, "ఉండనీవయ్యా, ఒక్కపూటే గదా" అన్నారు. పెద్ద మనసు!

కుప్పుస్వామి గారు కథ ఎత్తుకున్నాడు. చీకటి పడింది, జోరున వాన. డ్రాగన్ తరుముతుంటే సేనాపతీ, అతని మనుషులూ తడిసి ముద్దై కోట వాకిట్లోకి వచ్చి తలుపు తట్టారు. లోపల దొరగారున్నారు.

"దొరగారూ, గేటు దగ్గర సేనాపతి వచ్చినాడు. ఏం చేస్తారు?"

గురప్ప ఆలోచనలో పడ్డాడు. దొరలు ఏం చేస్తారు? అతను రాజుల కథలు చదువుకున్నవాడు కాదు. చంద్రగిరి కోటను బస్సులోంచి చూశాడేమోగాని, లోపల దొర ఎట్లా కూర్చునేవాడో అతనికి ఎవరు చెబుతారు? అతనికి తెలిసిన దొర ఒక్కడే.

గురప్ప నడుము వెనక్కి వాల్చాడు. కళ్ళు సగం మూశాడు. చెవిలో చిటికెన వేలు పెట్టి మెల్లగా తిప్పుతూ, "ఎవురంట?" అన్నాడు.

పంకజాక్షి గారు పకపకా నవ్వేశారు. ఆ వేలు ఎవరిదో ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"సేనాపతి" అన్నాడు కుప్పుస్వామి గారు.

"లంచిలో ఉండామని చెప్పు."

"రాత్రి గదా దొరగారూ!"

"రాత్రయితే ఏమి? దొర ఎప్పుడు తింటే అప్పుడే లంచి."

అందరికంటే గట్టిగా మా వారు నవ్వారు. ఆదిమూలం గారు కూడా నవ్వుతూనే ఆటలో దిగారు. "అయ్యా దొరగారూ, వానలో తడుస్తా ఉండాము. లోపలికి రానీయండి."

"చీటీ పంపించినావా?"

"వానలో చీటీ ఎట్లా రాసేదయ్యా?"

"అది నీ తలనొప్పి. నాకెందుకు చెప్తావు?" అని గురప్ప అటు తిరిగి, కనిపించని కాగితాలు కాసేపు తిరగేశాడు. తల ఎత్తకుండానే, "ఇంకా ఈడనే ఉండావా?" అన్నాడు.

నవ్వు నవ్వుగానే ఉంది. మేమంతా కళ్ళు తుడుచుకుంటున్నాం. గురప్పకు కూడా ఉత్సాహం వచ్చింది. పాపం, తన జన్మలో నలుగురు చదువుకున్నవాళ్ళను ఇంతగా నవ్వించింది అదే మొదలు.

"దొరా, పెళ్ళాం బిడ్డలు గలవాణ్ణి" అన్నారు ఆదిమూలం గారు చేతులు కట్టుకుని, ఆటలో లీనమై. "ఈ రాత్రికి నన్ను మాత్రం ఈడనే ఉండనీయండి."

గురప్ప గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"చూద్దాం" అన్నాడు.

నవ్వు ఎవరిది ముందు ఆగిందో నేను చెప్పలేను. ఎవరిది ఆలస్యంగా ఆగిందో మాత్రం చెప్పగలను. గురప్పది. ఇంకా నవ్వుతూనే మా అందరి ముఖాలూ చూశాడు. తర్వాత పెద్దాయన ముఖం చూశాడు. వంటింట్లో ఏమీ పొంగకపోయినా "పాలు పొంగుతా ఉండాయి సార్" అని లేచాడు. కోటకు దొర మా గ్లాసులన్నీ ఏరుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"బాగా చేసినాడు" అన్నారు ఆదిమూలం గారు. "కళ ఉంది వాడిలో."

అధికారి మెచ్చుకోలు ఊరికే పోదు. ఆ వారంలోనే గురప్పను పులికాట్ ఒడ్డుకు వేస్తూ ఆర్డరు వచ్చింది. కారణం కూడా చక్కగా రాశారు. ప్రజాప్రయోజనం దృష్ట్యా. సరస్సు ఒడ్డున ఉన్న ప్రజలకు టీ లేక ఎంత ఇబ్బందిగా ఉందో పాపం!

ఆర్డరు సంగతి విని, రాత్రి భోజనం వడ్డిస్తూ మా వారిని అడిగాను.

"ఆ బదిలీ నోటు మీరే పెట్టినారంట గదా?"

"నేను పెట్టేదేముంది? పైనుంచి చెప్పినారు. నేను రాసినాను, అంతే."

"రాయనంటే?"

"రాయనంటే రేపు నన్నే ఏస్తాడు ఆడికి. నువ్వొస్తావా ఆ ఉప్పుగాలిలో కాపురానికి?"

"ఆ ముందు ఆదివారం ఆటలో డ్రాగన్ నోట్లో చెయ్యి పెట్టినారు మీరు!"

"అది కాగితం మీది పామే!"

"ఆర్డరు కూడా కాగితమే గదండీ."

ఆయన మజ్జిగ పోయమన్నారు. పోశాను. ధైర్యం పద్దెనిమిది ఉన్న మనిషి మజ్జిగన్నం తినేటప్పుడు ఎక్కువ మాట్లాడడు.

ఇంతా విని, ఈ ఆట మంచిది కాదని మీరు తొందరపడి తీర్మానించకండి. గురప్ప ఆర్డరు రద్దు చేయించాలని కుప్పుస్వామి గారు ఆదిమూలం గారింటికి పోయి బతిమాలాడు. "ఆటలో వచ్చిన కోపం ఉద్యోగం మీద చూపిస్తారా సార్?" అని అడిగాడట. ఆదిమూలం గారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఛ, ఆటకూ దీనికీ ఏం సంబంధమయ్యా? ఎవరో ఒకరు పోవాలి గదా. నువ్వు ఆ క్వార్టర్లో బంధువువా, అద్దెకున్నావా?" అన్నారట. కుప్పుస్వామి గారు చెప్పులేసుకుని వచ్చేశాడు. ఆయన ఫిజిక్సు లెక్చరరు. ఏ బరువు ఎక్కడ మోపితే ఏది పైకి లేస్తుందో ఆయనకు ఒకరు చెప్పాలా?

గురప్ప రేకు పెట్టె బస్సు పైకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మునెమ్మ ఇక్కడే ఉండిపోయింది. మరుసటి రోజు పొద్దున నేను ఇడ్లీకి గిన్నె పట్టుకుపోతే, ఆకు మడుస్తూ నన్ను అడిగింది.

"అమ్మా, మా ఆయప్ప ఏం తప్పు జేసినాడమ్మా? నాకు సెప్పమంటే సెప్పకుండానే పాయె."

"తప్పేమీ చెయ్యలేదు మునెమ్మా."

"మరి అందురూ నవ్వినారంట గదా! నవ్వితే కోపం లేనట్టే గదమ్మా? అయ్యగోరు గూడా నవ్వినారని సెప్పినాడే!"

"నవ్వినారు."

"రారా రారా అని కూర్సోబెట్టింది ఆళ్ళే. దొర్లాగ మాట్లాడమన్నది ఆళ్ళే. ఇంగ దొర యాడన్నా అటెండరు మాదిరి మాట్లాడతాడా, సూడు!" అని చట్నీ పోసింది. "ఆడ బియ్యం గూడా వండుకోను రాదమ్మా ఆయప్పకి. టీ ఒగటే వచ్చు."

నేను డబ్బులిచ్చి వచ్చేశాను, జవాబు తెలియక కాదు. తెలిసిన జవాబు ఇడ్లీ గిన్నె పట్టుకుని చెప్పేది కాదు. మా వారికి ప్రమోషన్ రావలసి ఉందని ఇంతకుముందే మనవి చేశాను.

చదువరులు ఒకటి గమనించాలి. ఆ పుస్తకంలోని మెట్లన్నీ తిరగేసి చూశాను. దిక్కులేనివాడు ఏ వాకిట్లో పడుకోవాలో రాసి ఉంది. దొర ఎన్ని కూరలతో తినాలో రాసి ఉంది. ఒక మనిషి సరస్సు ఒడ్డున చేతులు కాల్చుకుంటూ, అతని పెళ్ళాం ఇంకో ఊళ్ళో పదిమందికి వండి పెడుతూ ఉంటే ఆ బ్రతుకు ఏ మెట్టో మాత్రం రాసి లేదు. డ్రాగన్‌ను ఊహించినవాళ్ళు ఆదిమూలం గారిని ఊహించలేకపోయారు. ఊహకైనా ఒక హద్దుంటుంది!

అయినా ఆట మానలేదు. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి, మా వారు పాచికలు పట్టుకుని అందరికంటే ముందు వెళుతూనే ఉన్నారు. ఇప్పుడు రూళ్ళు కూడా కట్టుదిట్టంగా ఉన్నాయి. కోటకు దొర ఎవరో పాచికలు తేల్చక్కరలేదు. అది పర్మనెంటు పోస్టు చేశారు.

మొన్న ఆదివారం మళ్ళీ మనిషి తక్కువైంది. గురప్ప స్థానంలో కొత్తగా వచ్చిన అటెండరు మునస్వామి టీ తెచ్చాడు. ఆదిమూలం గారిది విశాల హృదయమని మీకు తెలుసు. అంత జరిగినా మనసులో ఏమీ పెట్టుకోలేదు.

"ఏమయ్యా మునస్వామీ, కూర్చో. నువ్వూ ఆడు. ఇక్కడ చిన్నా పెద్దా లేదు" అన్నారు.

"పర్లేదు సార్. నిలబడే ఆడతా" అన్నాడు మునస్వామి.

కుప్పుస్వామి గారు పాచికలు అతని చేతిలో పెట్టాడు. మునస్వామి వాటిని గుప్పిట్లో కదిలించాడు, వెయ్యబోయి ఆగాడు. ఆదిమూలం గారి వైపు వంగి, వినయంగా అడిగాడు.

"ఎంత పడాల సార్?"

"చూసినారా!" అన్నారు ఆదిమూలం గారు సంతోషం పట్టలేక. "పుస్తకం ముట్టకుండానే ఆట నేర్చేసుకున్నాడు!"